పాతబండి కమానుకట్ట

మన పాఠశాల విజ్ఞానశాలలో, తక్కెడలుంచు అద్దాల బీరువా ప్రక్కన, రెండు ముక్కలైన ఉక్కుపట్టి యొకటి బల్లపై నున్నది. క్రొత్తగా చేరిన విద్యార్థులు దానిని జూచి ఇదేమని మమ్ము తరచుగా అడుగుచుందురు. కొందరు తల్లిదండ్రులును అడిగిరి. ఆ ప్రశ్నకు ఈ వార్షిక సంచికలో ప్రత్యుత్తర మొసగుట మా విధియని తలంచితిమి. ఆ పట్టి మన పాఠశాల పాత జీపునకు వెనుక ఎడమప్రక్క నుండిన కమానుకట్టలోనిది. అది విరిగిన దినమున ఆ బండిలో తొమ్మిదిమంది బాలబాలికలుండిరి. ఆ సంగతి చెప్పుటకు ముందు కమానుకట్ట యననేమో, అది యెట్లు పనిచేయునో, యేల విరుగునో తెలిసికొందము.

కమాను పుట్టుక

ఎద్దుబండిలో ప్రయాణము చేసినవారికి కమాను లేని బండి యెట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు. బండి యంతయు ఇరుసుమీదనే కూర్చుండును. చక్రము రాతిమీది కెక్కినచో ఆ దెబ్బ నేరుగా కూర్చున్నవాని వెన్నెముకకు చేరును. జట్కాబండిలో ఇరుసునకును పెట్టెకును నడుమ ఉక్కు కమానులుండుటచేత ఆ దెబ్బలో కొంత కమానులోనే అణగిపోవును. చక్రము లేచును, పెట్టె యంతగా లేవదు. కమాను చేయు పని యంతయు ఈ రెండు మాటలలోనే యున్నది.

స్ప్రింగు సాగుట దానిపై వేసిన భారమునకు అనుపాతముగా నుండునని రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678 లో ప్రకటించెను. మీరు తొమ్మిదవ తరగతిలో తూనికరాళ్లు వ్రేలాడదీసి చేయు ప్రయోగము ఆయన సూత్రమే. 1804 లో ఒబదయా ఎలియట్ అను లండను బండ్ల పనివాడు రెండు ఉక్కువిల్లుల నెదురెదురుగా కూర్చిన కమానుపై గుర్రపుబండి పెట్టెను నిలుపు పద్ధతికి పేటెంటు పొందెను. మోటారు బండ్లు వచ్చినపుడు అవి గుర్రపుబండ్ల కమానులనే స్వీకరించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 మొదలుకొని అమెరికాలో నిర్మింపబడిన విల్లీస్ జీపునకు నాలుగు చక్రములకడ నాలుగు కమానుకట్టలుండెను. ఆ జీపులను మన దేశమున బొంబాయిలో మహీంద్రావారు 1947 లో కూర్ప నారంభించిరి. మన పాఠశాల బండియు నాలుగు కట్టలుగల జాతిలోనిదే.

ఒక మందపు పట్టి యేల చాలదు?

కమానుకట్టలో పట్టీలు అనేకములుండును. అన్నిటికంటె పొడవైనది పైన, దాని క్రింద కొంచెము పొట్టిది, దాని క్రింద మరికొంత పొట్టిది, ఇట్లు పేర్చబడి యుండును. అంత మందముగల ఒకే పట్టి నేల వేయరాదని మీరడుగవచ్చును. దీనికి మీ స్కేలే జవాబు చెప్పును.

ఒక చెక్కస్కేలును బల్ల యంచున గట్టిగా బిగించి, వెలుపలి కొనకు చిన్న బరువును వ్రేలాడదీయుడు. అది 8 సెంటీమీటర్లు వంగినదనుకొనుడు. అట్టివే రెండు స్కేళ్లను ఒకదానిపై నొకటి ఊరక పెట్టి, అదే బరువును వ్రేలాడదీసినచో అవి 4 సెంటీమీటర్లు వంగును. ఆ రెండింటిని జిగురుతో గట్టిగా అతికించి మరల పరీక్షించినచో వంపు సుమారు 1 సెంటీమీటరు మాత్రమే. ఏలయన బిరుసుదనము మందముయొక్క ఘనమును బట్టి పెరుగును. మందము రెట్టింపైనచో బిరుసు ఎనిమిది రెట్లగును. విడివిడి పట్టీలైనచో సంఖ్యను బట్టి మాత్రమే పెరుగును.

మరియొక విశేషము కలదు. ఒకే వంపునకు మందపు పట్టియొక్క ఉపరితలము పలుచని పట్టికంటె అధికముగా లాగబడును. కావున మందపు పట్టి బిరుసై, కూర్చున్నవారిని బాధించుటయే గాక త్వరగా విరుగును. పలుచని పట్టీలు ఒకదానిపై నొకటి జారుచు, భారమును పంచుకొని మోయును. వంపు బలము నడుమ అధికముగాను, కొనలయందు స్వల్పముగాను ఉండును గనుక నడుమ పట్టీల సంఖ్య ఎక్కువగాను, కొనలకు పోవుకొలది తక్కువగాను అమర్పబడినది.

ఇప్పుడొక చిన్న లెక్క. సమానమైన ఎనిమిది పట్టీలుగల కట్టలో ఒక్కొక్క పట్టి సుమారు ఎనిమిదవ వంతు భారమును మోయును. ఒకటి విరిగినచో మిగిలిన యేడింటిలో ఒక్కొక్కదానికి ఏడవ వంతు వచ్చును. అనగా నూటికి 14 వంతులు భారము పెరిగినది. రెండు విరిగినచో నూటికి 33 వంతులు పెరుగును. అరుగుదల ఒకచోట ఆగదు. అది పొరుగువానికి భారమగును.

కట్టకు చుట్టములు

కమానుకట్ట ఒంటరిగా పనిచేయదు. మొదటి పట్టి కొనలు రెండును గుండ్రముగా చుట్టబడి కన్నులవలె నుండును. ఒక కన్ను బోల్టుతో ఛాసిస్‌కు కట్టబడును. రెండవ కన్ను షాకిల్ అను ఊగెడు లంకెద్వారా కట్టబడును. బరువు పడినపుడు వంపు తగ్గి కట్ట పొడవగును గనుక ఒక కొన కదలుటకు వీలుండవలెను, అందులకే షాకిల్. కన్నులలో బుష్షులుండును. పాతబండ్లలో కొన్నిటికి లోహపు బుష్షులు, కొన్నిటికి రబ్బరు బుష్షులు కలవు. లోహపు బుష్షులకు గ్రీజు ప్రాణము. రబ్బరు బుష్షులకు అదే గ్రీజు శత్రువు. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడును. ఈ భేదమెరుగక అన్నిటికిని గ్రీజు పెట్టువారు పెక్కుమంది కలరు.

పట్టీల నన్నిటిని నడుమ గ్రుచ్చియుంచునది సెంటరు బోల్టు. దాని తల ఇరుసు పీటమీది రంధ్రములో కూర్చుండి, ఇరుసు ముందునకుగాని వెనుకకుగాని జరుగకుండ నిలుపును. కట్టను ఇరుసునకు బిగించునవి యూ బోల్టులు. ఇవి వదులైనచో రెండు కీడులు కలుగును. సెంటరు బోల్టు తెగి ఇరుసు తన స్థానము తప్పవచ్చును. లేదా పట్టి నడుమ రంధ్రముకడనే విరుగును. ఏలయన రంధ్రమున్నచోట పట్టి బలహీనము, యూ బోల్టుల బిగువే దానిని వంగకుండ కాపాడుచున్నది.

ఇక షాక్ అబ్జార్బరు. షెడ్డులలో దీనిని షాకబ్జరందురు. ఇది బరువు మోయునది కాదు. ఊయల నొకసారి త్రోసి విడిచినచో అది పలుమార్లు ఊగును గదా. కమానుకు నట్టి గుణమే కలదు. షాకబ్జరులోని నూనె సన్నని రంధ్రములద్వారా కష్టముగా పోవుచు, ఆ ఊపుశక్తిని వేడిగా మార్చి యణచివేయును. నూనె కారిపోయినచో చక్రము నేలను విడిచి యెగురుచుండును. నేలను తాకని చక్రమునకు బ్రేకువలన ప్రయోజనము లేదు.

మా తప్పిదము

గత డిసెంబరు మాసములో మన డ్రైవరు పెద్దాయన ఒకనాటి సాయంకాలము కార్యాలయమునకు వచ్చి, "మాస్టరుగారూ, వెనక ఎడమ కట్ట కిర్రుమంటోందండీ. గుంటలో పడితే టక్కుమని ఇంకో చప్పుడు కూడా వస్తోంది. ఒకసారి విప్పించి చూద్దామండీ" అని చెప్పెను. బండి లెక్కలు చూచు భారము మాపై నుండెను. వార్షికోత్సవము దగ్గరపడుచుండెను. అతిథులు వచ్చుదురని బండికి క్రొత్త రంగు వేయింప నిశ్చయించి, ఆ సొమ్ము దానికి వెచ్చించితిమి. కట్ట సంగతి వేసవి సెలవులలో చూతమని చెప్పితిమి. ఆయన జనవరిలో మరల జ్ఞాపకము చేసెను. మేము మరల అదే మాట చెప్పితిమి.

ఫిబ్రవరి మాసములో విజ్ఞాన ప్రదర్శనమునకు పిల్లలను తీసికొని పోవలసివచ్చెను. ఏడుగురికి తగిన బండిలో తొమ్మండుగురిని, వారి నమూనాలను ఎక్కించితిమి. ఇదియు మా తప్పే. చెరువుకట్టపై పోవుచుండగా ఒక గుంటలో చక్రము పడి పెద్ద చప్పుడయ్యెను. ఇరుసు ఎడమకొన స్థానము తప్పెను. బండి ప్రక్కకు లాగెను. ఒకవైపు నిండు చెరువు, మరియొకవైపు పొలములు. డ్రైవరు స్టీరింగు గట్టిగా పట్టి, నీటివైపు పోనీయక పొలములోనికి దించి నిలిపెను. ఎనిమిదవ తరగతి బాలుడొకడు ముందు సీటునకు కొట్టుకొనగా వాని కుడి మణికట్టు విరిగెను. తక్కినవారు చిన్న గాయములతో బయటపడిరి. ఆ బాలుడు ఆరు వారములు కట్టుతో నుండి, వార్షిక పరీక్షలు మరియొకని చేత వ్రాయించెను. ఇప్పుడు చేయి బాగుగ నున్నది. వాని తండ్రి ఆసుపత్రికి వచ్చినపుడు మమ్ము నిందింపలేదు. "పిల్లవాణ్ణి మీకప్పగించామండీ" అని మాత్రము అనెను. దానికి మేము ప్రత్యుత్తర మీయలేకపోతిమి.

మరునాడు డ్రైవరు విరిగిన పట్టిని తెచ్చి బల్లపై పెట్టెను. మీరును ఇప్పుడు పోయి దానిని చూడుడు. నడుమ రంధ్రముకడ విరిగిన ముఖములో రెండు రంగులు కనబడును. రంధ్రపు టంచునుండి ముఖములో సగమువరకు నల్లబడి, తుప్పుపట్టి, నునుపుగా నున్నది. తక్కిన సగము గరుకుగా, వెండివలె మెరయుచుండెను. ఆ మెరుపు చెడకుండ మేము దానికి నూనె రాయుచున్నాము. మెరయు భాగము ఆ గుంటలో ఒక్క క్షణమున విరిగినది. నల్లని భాగము అంతకుముందే కొంచెము కొంచెముగా విచ్చినది. తీగను అటునిటు పలుమార్లు వంచినచో తెగునుగదా; ఉక్కుపట్టియు లక్షలకొలది సార్లు వంగుచు, గీతగాని తుప్పుగుంటగాని రంధ్రముగాని యున్నచోట సన్నని చీలిక పట్టి, అది దినదినము లోనికి పోవును. దీనిని లోహపు అలసట యందురు. డిసెంబరులో డ్రైవరు వినినది ఈ నల్లని సగముయొక్క చప్పుడే.

పరీక్షించు విధము

పాతబండి యున్న ప్రతివారును చేయదగిన పరీక్షలను చెప్పుచున్నాము. మొదట బండిని సమతలముపై, బరువు లేకుండ, చక్రములలో గాలి సమానముగా నుంచి నిలుపవలెను. ప్రతి చక్రము నడిమి బిందువునుండి పై మడ్గార్డు అంచువరకు టేపుతో కొలిచి వ్రాసికొనవలెను. ఎడమకును కుడికిని స్పష్టమైన భేదమున్నచో తక్కువైన వైపు కట్ట క్రుంగినదని యనుమానింపవలెను. మన బండికి ఈ భేదము 3 సెంటీమీటర్లుండెను; మేమెన్నడును కొలువలేదు.

రెండవది, పట్టీల అంచులను తీగబ్రష్షుతో తుడిచి, వెలుతురులో ఒక్కొక్క పట్టిని చూడవలెను. చీలికనుండి ఎర్రని తుప్పుగీత కారియుండుట తరచుగా కనబడు గురుతు. పట్టీలు ప్రక్కలకు జరిగియున్నచో క్లిప్పులుగాని సెంటరు బోల్టుగాని చెడినవని తెలియవలెను. యూ బోల్టుల నట్లకడ మెరయు రాపిడి గురుతులున్నచో అవి వదులైనవి.

మూడవది, కన్నులకడ పొడవైన ఇనుపకడ్డీని మోపి మెల్లగా ఎత్తిచూడవలెను. బోల్టు బుష్షులో లొడలొడ కదలినచో బుష్షు అరిగినది. ముందు ఇరుసున బుష్షులు, కింగ్‌పిన్ను బేరింగులు, టైరాడ్డు కొనలు అరిగినచో, ఒక వేగమున స్టీరింగు చేతులలో వణకి, పట్టుతప్పునంతగా కొట్టుకొనవచ్చును.

నాలుగవది, షాకబ్జరుపై నూనెతడి యున్నదేమో చూచి, బండి మూలను బలముగా నొక్కి విడువవలెను. ఒకసారి లేచి నిలిచినచో మంచిది. రెండుమూడు సార్లు ఊగినచో చెడినది. అయితే కమానుకట్టలో పట్టీల రాపిడియే కొంత ఊపును ఆపును గనుక ఈ పరీక్ష నొక్కదానినే నమ్మరాదు. టైరు గుండ్రముగా గాక అక్కడక్కడ గుంటలుగా అరిగినదేమో కూడ చూడవలెను.

మరమ్మతు

మరమ్మతు పని అనుభవముగల మెకానిక్కుదే. కాని యజమాని యేమి అడుగవలెనో తెలిసియుండవలెను. జాకీ నొక్కదానిని నమ్మి ఎవ్వరును బండిక్రింద దూరరాదు. నేల గట్టిదై యుండవలెను. తక్కిన చక్రములకు మొద్దు లడ్డముపెట్టి, ఛాసిస్‌ను ఇనుప స్టాండ్లపై నిలుపవలెను. ఇరుసును బ్రేకు గొట్టముమీద వ్రేలాడనీయరాదు.

ఒకవైపు కట్ట మార్చినచో అదే ఇరుసు రెండవవైపు కట్టనుకూడ మార్చుట మేలు. లేనిచో క్రొత్తది ఎత్తుగాను, పాతది పల్లముగాను నిలిచి బండి ఒరగును. షాకబ్జర్లను గూర్చియు ఇదియే నియమము. విప్పిన యూ బోల్టులు అప్పటికే సాగియుండును గనుక వానిని మరల వాడక క్రొత్తవి వేయవలెను. వాని నట్లను ఎదురుమూలలుగా కొంచెము కొంచెముగ, తయారుచేసినవారు చెప్పిన బిగువునకు టార్కు రెంచితో బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన పిమ్మట మరల సరిచూడవలెను. రబ్బరు బుష్షులున్న కన్నుల బోల్టులను బండి చక్రములపై నిలిచిన తరువాతనే చివరిసారి బిగింపవలెను. గాలిలో నున్నపుడు బిగించినచో, బండి దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చినుగును.

క్రుంగిన కట్టలకు మరల వంపు తీయించు పనివారు విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల కలరు. చీలిక లేని పట్టీలకే ఆ పని తగును. కమాను ఉక్కును సుమారు 850 నుండి 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి, నూనెలో ముంచి, తిరిగి 450 నుండి 500 డిగ్రీలవరకు వేడిచేసి పదును నిలిపియుందురు. కొలిమిలో ఊరక కాచి వంచినచో ఆ పదును పోవును. వంపు కొద్దిదినములు నిలిచి మరల క్రుంగును. విరిగిన పట్టిని వెల్డింగు చేయించుట అంతకంటె ప్రమాదము. అతుకు ప్రక్కన ఉక్కు పెళుసై, మరల అచ్చటనే విరుగును. ఇట్టి అతుకు డబ్బు మిగిల్చినట్లు కనబడును గాని ప్రాణమును పణముగా పెట్టించును.

అధిక బరువు వేయుటకై పట్టీలు చేర్చువారును కలరు. అట్లు చేసినచో కట్ట బలపడునేకాని ఇరుసు, బ్రేకులు, టైర్లు బలపడవు. ఖాళీగా పోవునపుడు దెబ్బలన్నియు ఛాసిస్‌కే తగులును.

దారిలో పట్టి విరిగినచో మొదట బండి నాపి మనుష్యులను దింపవలెను. విరిగినది క్రింది పొట్టిపట్టియైనచో, బరువు తీసివేసి, అతి మెల్లగా సమీపపు షెడ్డువరకు పోవచ్చును. మొదటి పట్టి విరిగినను, ఇరుసు జరిగినను బండిని నడుపరాదు; మోయించి తీసికొనిపోవలెను.

ఇప్పటి యేర్పాటు

వెనుక కట్టలు రెండును, బుష్షులను, యూ బోల్టులను, షాకబ్జర్లను మార్పించితిమి. వానికైన మొత్తము ఖర్చు మేము రంగు వేయించిన ఖర్చుకంటె తక్కువ. ఈ మాట వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము; కాని తల్లిదండ్రులు తెలిసికొనవలసిన మాట గనుక వ్రాసితిమి.

ఇప్పుడు బండి తాళపుచెవి వ్రేలాడు మేకుకే ఒక పుస్తకము కట్టబడియున్నది. వినిన ప్రతి చప్పుడును, చూచిన ప్రతి లోపమును తేదీతో డ్రైవరు అందు వ్రాయును. మాసమున కొకసారి పదవ తరగతి విద్యార్థు లిద్దరు ఆయనతో కూడ నాలుగు మూలల కొలతలు తీసి అందు చేర్తురు. ఆ పుస్తకములో ఆయన "ఆపవలెను" అని వ్రాసినచో, దోషము సరిచేయించు వరకు ప్రధానోపాధ్యాయులవారైనను మేమైనను బండి నడుపుమని చెప్పుటకు వీలులేదు. ఏడుగురికంటె ఎక్కువమంది ఎక్కరాదని తలుపుపై వ్రాయబడినది.

విద్యార్థులారా, మీ యిండ్లలో జీపు లేకపోవచ్చును. ఆటోయో, ట్రాక్టరు ట్రక్కో, మీ నాన్నగారి మోటారు సైకిలో ఉండవచ్చును. ఈ సెలవులలో దానిక్రింద ఒకసారి వంగి చూడుడు. కొలిచి వ్రాసికొనుడు. దానిని దినదినము నడుపువారు చప్పుడు వచ్చుచున్నదని చెప్పినచో ఆ మాటను ఆనాడే వినుడు. మేము రెండుమార్లు వినియు వినలేదు. విజ్ఞానశాల బల్లపై నున్న ఆ రెండు ముక్కలు మా కొరకే అచ్చట నున్నవి.